బందరు బట్ట, జపాను కోత, గుజరాతీ పేరు
లష్కర్ బట్టల కథలు – ఏడో భాగం: బనీను

పోయిన వారం కాకీ కథ చెప్పుకున్నాం. 1846లో పెషావరు దగ్గర హారీ లమ్స్‌డెన్ అనే దొర తన గైడ్స్ దళానికి ఎర్రకోట్లకు బదులు మట్టిరంగు గుడ్డలు తొడిగించడం, మంగుళూరు బాసెల్ మిషన్ నేతశాల ఆ రంగు బట్టకు పేరుమోయడం, దుమ్ము అని అర్థమున్న ఫారసీ మాట చివరికి మన కానిస్టేబుళ్ల భుజాలెక్కడం చూశాం. ఇప్పుడు ఆ కాకీ చొక్కా గుండీలు విప్పుదాం. లోపల బనీను ఉంది.

ఎండాకాలం సాయంత్రం సికింద్రాబాదు పద్మారావు నగర్‌లో స్కందగిరి గుడి దగ్గర్నుంచి వాకర్ టౌన్ వైపు నడుచుకుంటూ వెళ్లండి. గేటు పట్టుకుని ఒకాయన, మొక్కలకు నీళ్లు పోస్తూ ఒకాయన, వరండాలో పేపరు తిరగేస్తూ ఇంకొకాయన. అందరికీ కింద లుంగీ, పైన బనీను. పక్కింటాయన పలకరిస్తే అలాగే నిలబడి గంటసేపు మాట్లాడతారు. అదే ఆటో దిగి వియ్యంకుడు వచ్చాడనుకోండి, "రండి బావగారూ, కూర్చోండి" అంటూనే లోపలికి వెళ్లి చొక్కా తగిలించుకుని వస్తారు. ఇంట్లో ఉన్నంతసేపూ బనీను నిండుబట్టే. గేటు దాకా కూడా పరవాలేదు. గేటు దాటితేనే సందేహం మొదలవుతుంది.

ఈ సగం మర్యాద మనం కనిపెట్టింది కాదు. మూడు శతాబ్దాల కింద లండనులో ఇదే పేరున్న మరో బట్టకు అచ్చం ఇదే హోదా ఉండేది. ఆ బట్ట మాత్రం మెడ దగ్గర మొదలై మడమల దాకా జారే గౌను. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి వెళ్లిన తెలుగువాళ్లు అక్కడ కాస్త ఆగిపోతుంటారు. అద్దాల పెట్టెలో తీగలు, పూలు అల్లుకున్న పొడుగాటి అంగరఖా లాంటిది వేలాడుతుంటుంది. కింద చీటీ మీద 'బనియన్' అని ఉంటుంది. తప్పు చీటీ పెట్టారేమో అనిపిస్తుంది. తప్పేం లేదు. మన బనీనుకు ముత్తాత అదే. పైగా ఆ ముత్తాత ఒంటిమీది రంగులు మన కోస్తావి.

కోమటి ఓడిపోయాడు, బనియా గెలిచాడు

ముందు పేరు సంగతి. సంస్కృతంలో 'వణిజ' అంటే వర్తకుడు. మన వాణిజ్యం అందులోంచి వచ్చిందే. గుజరాత్‌లో ఆ మాట అరిగి అరిగి 'వాణియో' అయింది. అరబ్బు సరంగులు, పోర్చుగీసు వర్తకులు దాన్ని 'బనియన్' అని పలికారు. 1608లో హెక్టర్ ఓడలో సూరత్ రేవుకొచ్చిన ఇంగ్లీషువాళ్లకు ఆ మాట అలాగే చేతికందింది. వాళ్లకు కనిపించిన మొదటి హిందువు తెల్లని పొడుగు అంగీ తొడిగి, మాంసం ముట్టక, లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్న ఈ వాణియోయే. దాంతో చాలాకాలం వాళ్ల దృష్టిలో హిందువంటే బనియనే.

ఆ తర్వాత ఆ పేరును ఎక్కడ పడితే అక్కడ తగిలించారు. ఇరాన్ తీరంలో బందర్ అబ్బాస్ దగ్గర (అదీ ఒక బందరే, ఫారసీలో బందర్ అంటే రేవు) గుజరాతీ వర్తకులు ఓ పెద్ద మర్రిచెట్టు కింద చేరి గుడి కట్టుకుని పూజలు చేసుకునేవాళ్లు. అది బనియన్ల చెట్టయింది. అక్కణ్ణుంచి ప్రపంచంలోని మర్రిచెట్లన్నీ ఇంగ్లీషులో బనియన్ చెట్లయ్యాయి. బ్రిటిష్ నౌకాదళంలో వారానికి మూడు రోజులు నావికులకు మాంసం పెట్టేవాళ్లు కాదు. ఆ చప్పిడి కూటి రోజులకు 'బనియన్ రోజులు' అని పేరు. మాంసం లేదని గొణుక్కునే నావికుడు తిట్టుకునేది ఎక్కడో గుజరాత్‌లో ఉన్న శాకాహారి సేఠును!

మరి మన తీరంలో వర్తకులు లేరా అంటే, ఉన్నారు. 1618 నుంచి 1622 దాకా బందరులో, అంటే మచిలీపట్నంలో, పనిచేసిన ఇంగ్లీషు కంపెనీ వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్ గోల్కొండ రాజ్యం మీద రాసిన చిన్న పుస్తకం 1626లో అచ్చయింది. అందులో కోమట్ల ప్రస్తావన ఉంది. ఊళ్లు తిరిగి నేతగాళ్ల దగ్గర బట్టలు సేకరించి రేవులో అమ్మేది వీళ్లేనని ఆయన గమనించాడు. అయినా కోమటి మాట ఇంగ్లీషు నిఘంటువుకు ఎక్కలేదు. సూరత్ మాట ముందొచ్చి కుర్చీలో కూర్చుంది, బందరు మాట వాకిట్లోనే ఉండిపోయింది. నా మటుకు ఇది చరిత్రలోని చిన్న అన్యాయమే. ఎందుకంటే ఆ పేరుతో ఇంగ్లండులో ఊరేగిన బట్టల్లో మేలైనవి కృష్ణా, గోదావరి మధ్య ఊళ్లలో తయారయ్యాయి.

ఓడలో ఉపవాసం

1611 ఆగస్టులో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ పులికాటు దగ్గర లంగరు దించింది. అందులో వ్యాపారం చూసేవాడు పీటర్ ఫ్లోరిస్. మనిషి డచ్చివాడు, జీతం ఇంగ్లీషు కంపెనీది. పులికాటులో అప్పటికే పాతుకుపోయిన డచ్చి కంపెనీవాళ్లు, ఈ తీరంలో కొనుబడి హక్కు తమ ఒక్కరిదేనని అడ్డం పడ్డారు. తమవాడే అవతలి పక్షాన వచ్చాడన్న మంట కూడా కొంత ఉండే ఉంటుంది. ఫ్లోరిస్ ఓడను ఉత్తరానికి తిప్పి, తెల్లవాళ్లు పెటపోలి అనే నిజాంపట్నం మీదుగా బందరు చేరాడు. డచ్చివాళ్లు అక్కడా ముందే ఉన్నారు. 1606లోనే గోల్కొండ సుల్తానుతో ఒప్పందం రాయించుకున్నారు.

ఈ పోటీ అంతా ఎందుకంటే మిరియాలు, జాజికాయ, లవంగాల కోసం. జావా, సుమత్రా, మొలుక్కా దీవులవాళ్లు యూరపు ఉన్ని బట్టలు ఇస్తామంటే మొహం తిప్పుకునేవాళ్లు. వాళ్లకు కావలసింది కోరమాండల్ తీరపు అద్దకం బట్ట. తరతరాలుగా కట్టుకుంటున్నది అదే. అంచు ఎంతవరకు ఎరుపుండాలో, పువ్వు ఎంత ఉండాలో ఒక్కో రేవువాళ్లకు ఒక్కో పట్టింపు. అందుకని దీవుల్లో సుగంధద్రవ్యాలు కొనాలంటే ముందు బందరులో బట్టలు కొనాలి. ఫ్లోరిస్ కొన్న బట్టలూ లండను పోలేదు, సయాం వైపు పోయాయి.

వ్యాపారం ఎంత లాభమో పేచీలు అంతకంటే ఎక్కువ. 1612 జనవరిలో చార్మినారు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా పోయాడు. రాజు మారితే రేవు పెత్తనం ఇజారాకు తీసుకున్నవాడికి తన పదవి మీద భరోసా ఉండదు, ఉన్నన్నాళ్లు దండుకోవాలని చూస్తాడు. ఫ్లోరిస్ అమ్మిన సరుకుకు రావలసిన బాకీని బందరు అధికారులు నెలల తరబడి తిప్పారు. సయాం వెళ్లి తిరిగొచ్చినా అదే పాట. ఓడ బయల్దేరే రుతువు దాటిపోతోంది. 1614 నవంబరులో ఫ్లోరిస్ సహనం చచ్చి, రేవు పెత్తందారు కొడుకును సుంకం చావడిలోనే పట్టుకుని పడవెక్కించి ఓడకు తీసుకుపోయాడు. ఆ యువకుడి పేరును తన దినచర్యలో 'వెంటకాద్ర' అని రాసుకున్నాడు. మన వెంకటాద్రి అయ్యుండాలి.

అక్కడొచ్చింది అసలు చిక్కు. వెంకటాద్రి బ్రాహ్మడు. తన చేత్తో వండుకున్నది తప్ప పరాయి చోట తినడు, తాగడు. మ్లేచ్ఛుల ఓడలో మంచినీళ్లు కూడా ముట్టనన్నాడు. బాకీ కోసం పట్టుకొచ్చినవాడు కళ్ల ముందే శోషించిపోతుంటే ఫ్లోరిస్‌కే జాలేసింది. పేరున్న ముసల్మానులు ఇద్దరు బదులుగా ఓడెక్కితే ఇతన్ని వదిలేస్తానని కబురంపాడు. ఒక్కడూ రాలేదు. ఊరంతా బాధపడింది కానీ జామీను ఉండటానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. చివరికి ఆ ఉపవాసమే పని చేసింది. కన్నతండ్రి కదిలి బాకీ తీర్చాడు, నెలాఖరుకు కొడుకు ఒడ్డెక్కాడు. ఫ్లోరిస్ మరుసటేడు లండను చేరి, ఆ ఏడే అక్కడ కన్నుమూశాడు.

ఇంగ్లీషువాళ్లకు బందరులో కాలు నిలిచింది 1632లో. అబ్దుల్లా కుతుబ్ షా ఇచ్చిన 'బంగారు ఫర్మానా'తో ఏడాదికి 500 పగోడాల సుంకం కట్టి గోల్కొండ రేవుల్లో ఎంతైనా వ్యాపారం చేసుకునే వీలు దొరికింది.

పటిక గీతలు, చిరువేరు ఎరుపు

ఇంత కొట్లాట జరిగిన ఆ బట్టను మనవాళ్లు చీటిగుడ్డ అన్నారు. ఇంగ్లీషులో చింట్స్ అయింది. ఇప్పుడు కలంకారీ అంటున్నాం. పెడనలో, మచిలీపట్నంలో అచ్చులతో అద్దేది మనకు తెలుసు. పదిహేడో శతాబ్దంలో యూరపుకు వెళ్లిన మేలురకం గుడ్డ మీద అచ్చు కంటే కలం పనే ఎక్కువ.

పని ఎలా సాగేదంటే, ముందు గుడ్డకున్న గంజి వదిలించాలి. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరేయాలి. పాలలోని కొవ్వు గుడ్డకు పట్టి, కలం గీత పక్కకు పాకకుండా చూస్తుంది. తుప్పుపట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానేస్తే పులిసిన ద్రవం వస్తుంది. అదే కసిం. కరక్కాయ పట్టిన గుడ్డ మీద అది తగిలిన చోట నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లతో గీస్తారు. గీస్తున్నప్పుడు ఆ ఎరుపు కంటికి కనిపించదు. చిరువేరు వేసి కాచిన కాగులో గుడ్డను ఉడికించినప్పుడు పటిక ఉన్న చోటల్లా రంగు పట్టి పైకి లేస్తుంది. నీలం కావాలంటే, నీలం అక్కర్లేని భాగమంతా మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచాలి. పసుపు ఆఖర్న. మధ్యమధ్య పేడనీళ్లలో నానబెట్టడం, పారేనీళ్లలో జాడించడం, ఎండకు ఆరేయడం. ఇసుక నేలల్లో బాగా లోతుకు దిగే ఈ చిరువేరు కృష్ణా డెల్టాలో దొరికేదే శ్రేష్ఠమని పేరు. మెథ్‌వోల్డ్ దీన్ని కూడా రాసిపెట్టాడు.

యూరపును కట్టిపడేసింది పువ్వుల అందం ఒక్కటే అయితే వాళ్లూ గీసుకునేవాళ్లు. వాళ్ల అద్దకగాళ్లకు ఉన్ని మీద, పట్టు మీద రంగు నిలిచేది. నూలు మీద నిలవలేదు. బందరు గుడ్డను ఉతికేకొద్దీ రంగు తేటపడేది. ఈ పటిక మర్మం కోసం ఎంతోమంది తెల్లవాళ్లు మన అద్దకగాళ్ల కాగుల చుట్టూ తిరిగారు. వాళ్లలో ఒకడు కూర్దూ అనే ఫ్రెంచి పాదిరి. తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి కలిపి నిఘంటువు చేసిన పండితుడు, సంస్కృతానికి లాటిన్‌తో చుట్టరికం ఉందని పసిగట్టినవాడు. క్రైస్తవంలో కలిసిన అద్దకగాళ్లను అడిగి అడిగి, పని మొత్తాన్ని దశలవారీగా 1742లో ఉత్తరంగా రాసి ఫ్రాన్సుకు పంపాడు. ఆ ఉత్తరం అచ్చయింది కూడా.

పాలకొల్లులో డచ్చివాళ్లకు ఒక పెద్ద మకాం ఉండేది. అక్కడి అద్దకగాళ్లను చూసిన హవార్ట్ అనే డచ్చి ఉద్యోగి 1693లో వచ్చిన తన పుస్తకంలో, పని నత్తనడక నడుస్తుందనీ, ఓర్పుకు బొమ్మ గీయాలంటే పాలకొల్లు అద్దకగాణ్ని గీస్తే చాలనీ అర్థం వచ్చేలా రాశాడు. మెచ్చుకోలులో విసుగు కూడా వినిపిస్తుంది. ఓడ వెళ్లిపోయే తేదీ దగ్గరపడితే కంపెనీ ఉద్యోగికి కనిపించేది నత్తే మరి. ఆ నత్తనడకలో ఆకలి కూడా ఉంది. బయానా ముందే పుచ్చుకున్న అద్దకగాడికి సరుకు అప్పజెప్పేదాకా మరొకరికి పనిచేసే వీలుండదు. మధ్యలో షావుకారు, పైన కంపెనీ, ఆపైన రేవు ఇజారాదారు.

షోగన్ ఇచ్చిన కోత

బట్ట మనది, పేరు గుజరాత్‌ది. గౌను ఆకారం మాత్రం జపానుది. 1641 తర్వాత జపాను తలుపు తెరిచి ఉంచింది యూరపులో డచ్చివాళ్లకొక్కరికే. అదీ నాగసాకి దగ్గర దెషిమా అనే బుల్లి దీవిలో. ఏటా ఆ దేశాన్నేలే షోగన్ దర్శనానికి వెళ్లిన డచ్చి పెద్దలకు దూది పెట్టి కుట్టిన పట్టు కిమోనోలు కానుకగా వచ్చేవి. అవి ఆమ్‌స్టర్‌డామ్ చేరేసరికి డబ్బున్నవాళ్లంతా కావాలన్నారు. కానుకలు లెక్కకు మించి రావు కదా. డచ్చి కంపెనీకి ఉపాయం తట్టింది. అదే కోతను కోరమాండల్ తీరానికి పంపి చీటిగుడ్డతో కుట్టించడం మొదలుపెట్టారు. డచ్చి భాషలో దాని పేరు ఇప్పటికీ జపాను గౌనే.

ఇంగ్లీషువాళ్లు మొదట్లో ఇండియన్ గౌను అన్నారు. లండనులో నౌకాదళ కచేరీ ఉద్యోగి శామ్యూల్ పీప్స్ తన డైరీలో 1661 జులై 1న ఒక సొరుగుల బీరువా 33 షిల్లింగులకు, ఒక ఇండియన్ గౌను 34 షిల్లింగులకు కొన్నట్టు రాసుకున్నాడు. బీరువా కంటే గౌను ఒక షిల్లింగు ఎక్కువ. రెండేళ్ల తర్వాత భార్య గది అలంకరణకు రంగుల చీటిగుడ్డ కొన్నాడు. 1666లో హేల్స్ అనే చిత్రకారుడి ముందు కూర్చోవడానికి మళ్లీ ఒక ఇండియన్ గౌను అద్దెకు తెచ్చుకున్నాడు. కొనుక్కున్నది పాతబడిందో, అద్దెది మరీ దర్జాగా కనిపించిందో! ఆ చిత్రం లండను నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. గోధుమరంగు గౌనులో, చేతిలో పాట కాగితంతో, మెడ కొంచెం తిప్పి చూస్తుంటాడు.

పద్దెనిమిదో శతాబ్దానికి ఈ గౌను పేరు బనియన్‌గా స్థిరపడింది. తూర్పుదేశపు వర్తకుడు తొడిగే వదులు అంగీ అని లండనువాళ్ల ఊహ. అప్పటి దొరగారి పగటి వేషం తలచుకుంటే ఈ వదులు ఎంత హాయో అర్థమవుతుంది. బిగుతు కోటు, దాని కింద వెయిస్ట్‌కోటు, మెడకు పట్టీ, గుండు మీద బరువైన విగ్గు. ఇంటికొచ్చాక ఇవన్నీ విప్పి, గుండు మీద మెత్తటి టోపీ పెట్టుకుని, బనియన్ తొడుక్కుని కుర్చీలో వాలేవాడు. ఆ వేషంలోనే కాఫీ తాగడం, ఉత్తరాలు రాయడం, దగ్గరివాళ్లతో కబుర్లు. పరాయివాళ్లొస్తే మళ్లీ కోటు తగిలించాల్సిందే. కొందరు కుర్రాళ్లు బనియన్‌తోనే వీధిలోకి వచ్చి పెద్దవాళ్ల చేత చీవాట్లు తిన్నారు. పద్మారావు నగర్ గేటు దగ్గరి నియమం కొత్తదేం కాదని ముందే అన్నాను కదా.

ఇంకో విశేషం, ఇది మేధావి యూనిఫారం కూడా అయింది. ముసలితనంలో న్యూటన్ బొమ్మ వేయించుకున్నా గౌనులోనే. వదులు బట్ట కట్టుకుంటే బుర్ర చురుగ్గా పనిచేస్తుందని ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్ వాదన. గ్రంథాలయాల్లో కూర్చున్నట్టు గీసే విద్వాంసుల బొమ్మలన్నీ గౌనుల్లోనే ఉండటానికి అదే కారణమన్నాడు. ఆ లెక్కన మన ఇళ్లలో బనీనుతో కూర్చుని దేశ రాజకీయాలు తేల్చేసేవాళ్లంతా రష్ గారి శిష్యులే.

గుడ్డ చించిన నేతగాళ్లు

హాయి ఒకరిదైతే ఆకలి ఇంకొకరిది. లండనులో స్పిటల్‌ఫీల్డ్స్ పేటలో పట్టు నేసేవాళ్లుండేవాళ్లు. చీటిగుడ్డ ఓడలకొద్దీ దిగుతుంటే వాళ్ల మగ్గాలు ఆగిపోయాయి. 1697లో గుంపుగా వెళ్లి ఈస్టిండియా కంపెనీ కచేరీని ముట్టడించారు. పార్లమెంటు దిగొచ్చి, 1701 నుంచి రంగు వేసిన నూలుబట్ట ఇంగ్లండులో వాడకానికి రాకూడదని చట్టం చేసింది. తెల్లగుడ్డ తెచ్చి అక్కడే అచ్చులు వేసుకోవచ్చన్నారు. దాంతో అద్దకం లండనుకు మళ్లింది కానీ నేతగాడి ఆకలి తీరలేదు. 1719లో మళ్లీ రోడ్డెక్కారు. ఈసారి కోపం కంపెనీ మీద నుంచి ఆడవాళ్ల మీదికి మళ్లింది. చీటిగుడ్డ గౌను వేసుకున్న ఆడమనిషి కనిపిస్తే చాలు, నడివీధిలో చించేశారు. గుడ్డ మీద ఆమ్లం చల్లారు. పేదవాడి కోపం ఎప్పుడూ ఎవరి మీదికి సులువుగా పోతుందో వాళ్ల మీదికే పోయింది. 1721 చట్టం బట్ట తొడగడాన్నే నేరం చేసింది. పట్టుబడితే 5 పౌండ్ల జరిమానా. ఫ్రాన్సు అంతకుముందే, 1686లోనే నిషేధం పెట్టింది.

ఈ చట్టాల సెగ పాలకొల్లు కాగుల దాకా వచ్చింది. అప్పటికే 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది, బందరు వెలుగు తగ్గింది, వ్యాపారం మద్రాసుకు జరుగుతోంది. ఇంగ్లండు 1774లో నూలుబట్ట మీద ఆంక్షలు తీసేసింది. అప్పుడు తీసేయడంలో ఔదార్యం ఏమీ లేదు. వాళ్ల యంత్రాలు నూలు వడకడం నేర్చుకున్నాయి, అద్దకగాళ్లు పటిక పట్టడం నేర్చుకున్నారు. ఇక భయమెందుకు?

గౌను చొక్కా కిందికి దిగింది

బనియన్ మాట ఇండియాకు తిరుగు ప్రయాణంలో చిక్కిపోయింది. ఇక్కడి ఎండకు మడమల దాకా గౌను ఎవరు వేస్తారు? కంపెనీ దొరలు ఇంట్లో పైజామా మీద పల్చటి మస్లిన్ చొక్కా వేసుకుని దాన్నే బనియన్ అన్నారు. తర్వాత ఆ చొక్కా కోటు కిందికి, కామీజు కిందికి దిగి, చెమట పీల్చే లోపలి బట్ట అయింది. మద్రాసు రాజధానిలో జడ్జీగా చేసిన బర్నెల్, కర్నల్ యూల్ కలిసి కూర్చిన 'హాబ్సన్ జాబ్సన్' నిఘంటువు 1886లో వచ్చింది. అప్పటికి బనియన్ అంటే ఒంటికి అతుక్కునే అల్లిక లోచొక్కా. ఆ పుస్తకం చూడటానికి బర్నెల్ లేడు, నాలుగేళ్ల ముందే పోయాడు.

లష్కర్ అనే మన సికింద్రాబాదు కథలోకి ఇక్కడ వస్తాం. 1798లో నిజాంతో కుదిరిన సంధితో హుస్సేన్ సాగర్ ఉత్తరాన కంపెనీ సైన్యం గుడారాలు వేయడం, 1806లో నిజాం సికందర్ జా పేరు మీద ఊరు పడటం మొదటి భాగంలోనే చెప్పుకున్నాం. ఆ సైన్యాన్ని శత్రువుల కంటే కలరా, విరేచనాలు, చలిజ్వరం ఎక్కువ చంపాయి. రోగం ఎలా వస్తుందో తెలియదు. ఒంటికి పట్టిన చెమట చల్లబడితే కడుపులో చలి చేరి కలరా వస్తుందని సైనిక వైద్యుల నమ్మకం. అందుకని ఏప్రిల్ ఎండలోనూ సిపాయి ఒంటికి ఉన్ని ఫ్లానెల్ తగిలి ఉండాలన్నారు. పొట్టచుట్టూ కట్టుకునే ఫ్లానెల్ పట్టీకి కలరా బెల్టు అని పేరే పెట్టారు. ఆ బెల్టు ఇరవయ్యో శతాబ్దం దాకా సైన్యం వదల్లేదు. 1884లో కోఖ్ అనే జర్మన్ వైద్యుడు కలకత్తాలో కలరా క్రిమిని పట్టినా, 1897 ఆగస్టు 20న ఇదే సికింద్రాబాదులో, బేగంపేట ఆసుపత్రిలో, రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జాడ చూసినా, దొరల లోపలి ఉన్ని అంత తొందరగా ఊడిరాలేదు. నమ్మకం ఒకసారి ఒంటికి అంటుకుంటే అంతే.

ఉన్నిని దించి నూలును ఎక్కించింది మర. 1589లో విలియం లీ అనే ఇంగ్లీషువాడు మేజోళ్లు అల్లే మగ్గం చేశాడు. దాని వారసురాలైన గుండ్రటి అల్లిక మర పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. కుట్టు లేని గొట్టంలా గుడ్డ దిగుతుంది, లాగితే సాగుతుంది, ఒంటికి పట్టుకుంటుంది. నేసిన గుడ్డకు ఆ గుణం లేదు. 1893లో కలకత్తా ఖిదిర్‌పూర్‌లో ఈ మరలు పెట్టారు. తర్వాత తిరుప్పూరు అందుకుంది. 1874 అక్టోబరులో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చాక ఇటువంటి తయారు సరుకు జనరల్ బజారుకు చేరడం సులువైంది. నాకనిపిస్తుంది, మాటను ఇళ్లలోకి తెచ్చినవాళ్లు మాత్రం దొరల బట్టలు ఉతికిన చాకళ్లు, కుట్టిన దర్జీలు, బంగళాల్లో వంటవాళ్లు. మద్రాసు పటాలాలతో వచ్చి ఇక్కడే స్థిరపడిన మొదలియార్లు, పిళ్లైలు కూడా ఈ మాటను తెచ్చే ఉంటారు. తమిళంలోనూ అది బనియనే.

బెంగాలీలు మాత్రం ఈ మాట తీసుకోలేదు. ఇంగ్లీష్ ఛానెల్‌లోని గెర్న్‌సీ దీవి నావికుల ఉన్ని చొక్కా పేరును పట్టుకుని 'గెంజి' అన్నారు. లోచొక్కాను బనియన్ అన్న ఇంగ్లీషులోనూ ఇప్పుడు ఆ అర్థం లేదు. లండను దుకాణంలో దీన్ని వెస్ట్ అనాలి. అమెరికాలో వెస్ట్ అంటే కోటు లోపలి చేతుల్లేని జాకెట్టు తెచ్చిస్తారు, అండర్‌షర్ట్ అనాలి. డల్లాసులో బనియన్ అడిగితే మర్రిచెట్టు మొక్క చూపించినా ఆశ్చర్యపోకండి.

లష్కర్ దుకాణంలో ఆ బాధ లేదు. బనీను కావాలనగానే ఎదురు ప్రశ్న ఒక్కటే: "అన్నా, చేతులదా, శాండోనా?" ఈ శాండో ఒక మనిషి. 1867లో జర్మన్ గడ్డ మీద పుట్టిన యూజీన్ శాండో కండలు చూపించి లోకమంతా డబ్బు చేసుకున్న వస్తాదు. 1904–05లో ఇండియా అంతా తిరిగి ప్రదర్శనలిచ్చాడు. భుజాలు, చేతులు కనిపించాలి కనుక చేతుల్లేని బట్ట. ఆ రోజుల్లోనే మన వీరఘట్టం నుంచి కోడి రామ్మూర్తి నాయుడు గుండెల మీద ఏనుగును ఎక్కించుకుంటూ కలియుగ భీముడనిపించుకున్నాడు. బలం మనవాడిదీ తక్కువేం కాదు, బనీను పేరు మాత్రం జర్మన్ వస్తాదుకే దక్కింది. బందరు బట్టకు గుజరాతీ పేరు దక్కినట్టే అనుకోండి.

వచ్చే వారం బనీను కిందికి దిగి నిక్కరు దగ్గరికి పోదాం. 1809లో న్యూయార్కు పత్రికల్లో కొన్ని ప్రకటనలు పడ్డాయి. నికర్‌బాకర్ అనే ముసలాయన హోటలు గది ఖాళీ చేయకుండా మాయమయ్యాడనీ, బాకీ తీరకపోతే గదిలో వదిలేసిన రాతప్రతిని అమ్మేస్తామనీ వాటి సారాంశం. అలాంటి ముసలాయన ఎవరూ లేడు, ప్రకటనలు వేయించింది వాషింగ్టన్ ఇర్వింగ్ అనే కుర్ర రచయిత. ఆ లేని మనిషి ఇంటిపేరు సగానికి తెగి, సముద్రం దాటి, కాకీ రంగు వేసుకుని మన పరేడ్ మైదానానికి ఎలా వచ్చిందో ఆ దొంగ ప్రకటనల దగ్గర్నుంచే మొదలుపెడదాం.